స్క్రీన్ మీద నీలం, పెట్టె మీద ఊదా: మానిటర్ మారిస్తే సరిపోతుందా?

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది, సారాంశం మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

ఆమె మూడేళ్లుగా ఇంటి నుంచే లేబుళ్లు, బ్రోచర్లు, పుస్తకాల అట్టలు డిజైన్ చేస్తున్నారు. ఉన్నది ఒక మామూలు లాప్‌టాప్, దానికి తగిలించుకున్న పాత 22 అంగుళాల మానిటర్. ఆ మానిటర్ కూడా వాళ్ల అన్నయ్య ఆఫీసులో పక్కన పడేస్తే తెచ్చిచ్చింది. ఈమధ్య ఒక సబ్బుల తయారీదారుకి పెట్టె డిజైన్ చేశారు. అతను ఫోన్‌లో పీడీఎఫ్ చూసి "అదిరింది" అన్నాడు. ప్రింటై వచ్చేసరికి ముదురు నీలం కాస్తా ఊదా అయింది, పెట్టె మొత్తం చీకటి కమ్మినట్టు ఉంది, సరుకు తీసుకోనన్నాడు. రెండోసారి ప్రింట్ ఖర్చులో సగం ఈవిడే భరించారు. ప్రెస్ ఆయన "మీ మానిటర్ బాగాలేదమ్మా, ముందు అది మార్చండి" అని చేతులు దులుపుకున్నారు. వీడియో ఎడిటింగ్ చేసే స్నేహితురాలు "కొంటే 4కే, వైడ్ గ్యామట్‌దే కొను, లేకపోతే దండగ" అంటోంది (4కే అంటే పిక్సెళ్లు బాగా ఎక్కువున్న తెర, వైడ్ గ్యామట్ అంటే మామూలుకంటే ఎక్కువ రంగులు చూపించగలది). భర్త ఏమో "నా ఫోన్‌లో బాగానే ఉంది కదా, మానిటర్‌కి అంత డబ్బెందుకు" అంటున్నారు. పైగా ఒకే ఫైలు లాప్‌టాప్‌లో ఒక రంగు, మానిటర్‌లో ఇంకో రంగు కనిపిస్తోందట, ఏది నమ్మాలో తెలియక పని మొదలుపెట్టాలంటేనే టెన్షన్‌గా ఉందట. దాచుకున్న డబ్బు కొంచెమే. "అప్పు చేసైనా మంచిది కొనాలా, తక్కువలో నమ్మదగినది ఏదైనా ఉందా, అసలు తప్పు మానిటర్‌దా నాదా?" అన్నది ఆమె ప్రశ్న.

చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబు తేలకుండా ఏది కొన్నా మీరు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. మీ ఉత్తరంలో ఒకే కష్టంలా కనిపిస్తున్నది నిజానికి మూడు వేర్వేరు కష్టాలు. నీలం ఊదాగా మారడం ఒకటి, పెట్టె మొత్తం ముదురుగా రావడం ఒకటి, రెండు స్క్రీన్లు రెండు రకాలుగా చూపించడం ఇంకొకటి. ఈ మూడింటిలో కొత్త మానిటర్ నేరుగా నయం చేసేది మూడోదాన్ని మాత్రమే. మిగతా రెండూ ఎంత ఖరీదైన మానిటర్ తెచ్చి పెట్టినా అలాగే ఉండిపోయే అవకాశం ఉంది, అప్పు మాత్రం అదనంగా మిగులుతుంది.

నీలం సంగతి చూద్దాం. ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల్లో, అంటే సయాన్ (నీలి-ఆకుపచ్చ), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపుల్లో, నీలం అనేదే లేదు. సయాన్ మీద మెజెంటా పడితే నీలం పుడుతుంది, ఆ మెజెంటా సయాన్‌కి మరీ దగ్గరగా వచ్చిందంటే కాగితం మీద ఊదా రాక తప్పదు. మీరు ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల లెక్క) డిజైన్ చేసి చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సీఎమ్‌వైకేకి (ఆ నాలుగు సిరాల లెక్క) మారుస్తున్నానని రాశారు, తిరకాసు అక్కడే ఉందని నా అనుమానం. ప్రెస్‌కి పంపిన ఫైలు ఇప్పుడే తెరిచి, ఐడ్రాపర్‌ని (రంగు అంకెలు చూపించే టూల్) ఆ నీలం మీద పెట్టి అంకెలు చదవండి. సయాన్ 100, మెజెంటా 90 లాంటివి కనిపిస్తే ఇక మానిటర్‌ని తిట్టుకోనక్కర్లేదు, ఆ అంకెలు ఏ ప్రెస్‌లో వేసినా ఊదా వైపే లాగుతాయి. సయాన్‌కీ మెజెంటాకీ మధ్య కనీసం 30 తేడా ఉంచమని ప్రింటింగ్‌లో ఒక మోటు లెక్క ఉంది. సయాన్ 100, మెజెంటా 65 దగ్గర మొదలుపెట్టి, ముదురు కావాలంటే మెజెంటా పెంచకుండా కొంచెం నలుపు కలపండి. ఇంకో మాట, ఈ అంకెలు చూడటానికి మంచి మానిటర్ అవసరం లేదు. మీ అన్నయ్య ఇచ్చిన పాతదాంట్లోనూ 90 అంటే 90 అనే కనిపిస్తుంది. రంగు విషయంలో కళ్లకంటే అంకెల్ని నమ్మాల్సిన సందర్భాలు ప్రింట్ పనిలో చాలా ఉంటాయి, బ్రాండ్ రంగులైతే మరీను.

ఇక పెట్టె చీకటిగా రావడం. మీరు బ్రైట్‌నెస్ ఎప్పుడూ 100లోనే ఉంచుతానని రాశారు, "రంగులు హుషారుగా కనిపిస్తాయని". ప్రింట్ డిజైనర్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. మామూలు మానిటర్ పూర్తి బ్రైట్‌నెస్‌లో 250 నుంచి 350 నిట్స్ (తెర వెలుగు కొలత) దాకా వెలుగు చిమ్ముతుంది. ప్రింట్ పనికి సాధారణంగా పెట్టుకునేది 80 నుంచి 120 నిట్స్. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో పడ్డ వెలుగులో కొంత తిరిగి ఇస్తుందంతే. అంటే మీరు కాగితం ఇవ్వగలిగినదానికి రెండు మూడు రెట్ల వెలుగులో కూర్చుని బొమ్మని చూస్తున్నారు, అక్కడ సరిగ్గా ఉందనిపించేలా ముదురు చేస్తున్నారు, అదే కాగితం మీద పడేసరికి నీడల్లో వివరాలన్నీ కలిసిపోతున్నాయి.

దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది, ఈ రాత్రికే చేయొచ్చు. ఒక ఖాళీ తెల్ల డాక్యుమెంట్ స్క్రీన్ నిండా తెరవండి. ఒక మంచి తెల్ల కాగితాన్ని మానిటర్ పక్కన, మీరు ప్రింట్లు చూసే వెలుగులోనే పట్టుకోండి. స్క్రీన్ లైటులా మెరుస్తూ, కాగితం బూడిదరంగులో కనిపిస్తుంది, అది ఖాయం. ఇప్పుడు బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి, రెండు తెలుపులూ ఇంచుమించు ఒకేలా అనిపించే దాకా. చాలామందికి ఇది 20కీ 40కీ మధ్య ఎక్కడో ఆగుతుంది, మానిటర్‌ని బట్టి మారుతుంది. మొదటి రెండు రోజులు స్క్రీన్ చచ్చిపోయినట్టు, పని చేయబుద్ధి కానట్టు ఉంటుంది, మళ్లీ పెంచేయాలనిపిస్తుంది. పెంచకండి, కళ్లు అలవాటు పడతాయి. తర్వాత ఆ సబ్బు పెట్టె ఫైలు తెరిచి, వెనక్కొచ్చిన పెట్టెని పక్కన పెట్టుకుని చూడండి. ఆ చీకటి స్క్రీన్ మీదే కనిపించడం మొదలవుతుంది.

ఆ కాగితాన్ని ఏ వెలుగులో చూస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం. రాత్రిళ్లు పసుపు బల్బు కింద పని చేస్తానన్నారు. ఆ బల్బు కింద కాగితం పచ్చబడి ఉంటుంది, మీ స్క్రీన్ దాని పక్కన నీలంగా తోస్తుంది, ఇక ఏది సరైందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ప్రింట్లు చూడటానికి ఐఎస్‌ఓ 3664 అని ఒక ప్రమాణం ఉంది, దాని ప్రకారం వెలుగు డీ50 రకం, అంటే వెలుగు ఛాయని కొలిచే లెక్కలో సుమారు 5000 కెల్విన్. ప్రింట్‌ని లోతుగా పరిశీలించడానికి 2000 లక్స్ (వస్తువు మీద పడే వెలుగు కొలత), మామూలు వెలుగులో ఎలా ఉంటుందో చూడటానికి 500 లక్స్ అంటుంది. మీరు అంత పక్కాగా చేయనక్కర్లేదు. 5000 కెల్విన్, సీఆర్‌ఐ (దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90కి పైన అని రాసి ఉన్న ఎల్‌ఈడీ దీపం ఒకటి టేబుల్ మీద పెట్టుకోండి, అది కూడా వెలుగు స్క్రీన్ మీద పడకుండా కాగితం మీద పడేలా. మీ మొత్తం బడ్జెట్‌లో ఇదే అతి చిన్న ఖర్చు, ఫలితం మాత్రం పెద్దది. రాత్రయ్యేసరికి స్క్రీన్‌ని పసుపుగా మార్చే నైట్ లైట్ లాంటివి, గది వెలుగుని బట్టి బ్రైట్‌నెస్ తనంతట తాను మార్చుకునేవి, కరెంటు ఆదా చేసే మోడ్‌లు, డైనమిక్ కాంట్రాస్ట్, ఇవన్నీ ఆపేయండి. గోడకి ముదురు రంగు ఉంటే దానికి ఎదురుగా కూర్చోకుండా చూసుకోండి.

ఇంతవరకూ రూపాయి పని లేదు, దీపం తప్ప.

ఇప్పుడు మూడోది, రెండు స్క్రీన్ల గొడవ. ఇందులో ప్రెస్ ఆయన మాటలో నిజం ఉంది. మీరు చెప్పిన లక్షణాలు, తల కొంచెం కిందికి దించితే రంగు ముదరడం, పైకెత్తితే తేలిపోవడం, చూస్తే ఆ పాత మానిటర్‌ది టీఎన్ రకం ప్యానెల్ (తెర). ఆఫీసు లెక్కలకి అది చాలు, రంగు పనికి పనికిరాదు. ఒకే నీలం స్క్రీన్ పైభాగంలో ఒకలా, కిందిభాగంలో ఇంకోలా చూపించేదాన్ని ఏ పరికరంతోనూ సరిచేయలేం. లాప్‌టాప్ ప్యానెల్ సంగతి దాని స్పెసిఫికేషన్లలో చూడండి, "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" (పాత టీవీ రంగుల ప్రమాణం) అని ఉంటే అది ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు స్క్రీన్ల ప్రమాణంలోని రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా చూపించలేదు. ఎర్రలు ఇటుక రంగులోకి దిగిపోతాయి, ఆకుపచ్చలు వాడిపోతాయి. అంటే మీరు నమ్మాలా వద్దా అని సతమతమవుతున్న ఆ రెండూ నమ్మదగినవి కావు. కాబట్టి మానిటర్ కొనండి, ఆ విషయంలో నాకు సందేహం లేదు. ఎంత పెట్టి ఏది కొనాలన్నదే ప్రశ్న.

తక్కువలో నమ్మదగినది అంటే నా దృష్టిలో ఇది: ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ కవరేజ్ 99 లేదా 100 శాతం, 8 బిట్ (ఒక్కో రంగుకి 256 మెట్లు), ఎరుపు-ఆకుపచ్చ-నీలం విడివిడిగా సర్దుకునే వీలున్న మెనూ. ఐపీఎస్‌లో పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది కానీ పక్కకి జరిగితే నీడలు తేలిపోతాయి, సినిమాలకి మంచిదే, మీకొద్దు. ఓఎల్‌ఈడీ చూడముచ్చటగా ఉంటుంది, కానీ రోజంతా అదే టూల్‌బార్ అదే చోట నిలిచి ఉండే పనికి బర్న్-ఇన్ (కదలని బొమ్మ తెర మీద మరకలా ఉండిపోవడం) భయం ఉంటుంది, మీ బడ్జెట్‌లోకీ రాదు. రిఫ్రెష్ రేటు, రెస్పాన్స్ టైమ్ లాంటివి గేములు ఆడేవాళ్ల గొడవ, వాటికోసం ఒక్క పైసా ఎక్కువ పెట్టొద్దు. వంపు తిరిగిన కర్వ్‌డ్ మానిటర్ల జోలికి అసలే పోవద్దు, పేజీ లేఅవుట్‌లో సరళరేఖ సరళరేఖలా కనిపించకపోతే పిచ్చెక్కుతుంది.

సైజు విషయంలో 24 అంగుళాలకి 1920 బై 1200 దొరికితే 1080 కంటే అదే మేలు, పైన టూల్‌బార్లకి కాస్త చోటు మిగులుతుంది. ఇవి అంగుళానికి సుమారు 92-94 పిక్సెళ్లు. 27 అంగుళాల్లో 2560 బై 1440 అయితే 109 వస్తుంది, డిజైన్ పనికి ఇది హాయిగా ఉంటుంది. 27 అంగుళాల్లోనే 4కే అయితే 163, అక్షరాలు చెక్కినట్టు కనిపిస్తాయి. కానీ గమనించండి, పిక్సెళ్లు పెరిగితే సన్నగీత స్పష్టంగా కనిపిస్తుంది, రంగు మాత్రం ఇసుమంత కూడా నిజం కాదు. మీ స్నేహితురాలు ఈ రెండింటినీ కలిపేశారు. ఆవిడ పని స్క్రీన్ కోసం, స్క్రీన్ మీదే అయిపోతుంది. మీ పని కాగితం మీద తేలుతుంది.

ప్రకటనల్లో కనిపించే అంకెల గురించి రెండు మాటలు. "ఎస్‌ఆర్‌జీబీ 125 శాతం" అని ఉంటే సంబరపడకండి, అది రంగుల పరిధి వైశాల్యం ఎంత పెద్దదో చెబుతోందే తప్ప ఎస్‌ఆర్‌జీబీని ఎంత మేరకు కప్పిందో చెప్పట్లేదు. ఎరుపు వైపు బయటికి పొంగిపోయి ఆకుపచ్చ వైపు కురచగా ఉన్నా వైశాల్యం 100 దాటొచ్చు. మీరు వెతకాల్సిన మాట "కవరేజ్". "72 శాతం ఎన్‌టీఎస్‌సీ" అన్నది దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత వైశాల్యానికి పాత పద్ధతిలో చెప్పే లెక్క, కాబట్టి ఆ 72ని చూసి తక్కువ అనుకోకండి. "డెల్టా ఈ 2 కంటే తక్కువ" అంటే రావాల్సిన రంగుకీ చూపించిన రంగుకీ తేడా సగటున 2 లోపు అని. సుమారు 1 దాకా ఉన్న తేడాని కన్ను పట్టుకోవడం కష్టం, కాబట్టి 2 లోపు మంచి అంకే. అయితే అది ఫ్యాక్టరీలో, సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో కొలిచిన సగటు. మీరు మెనూలో "వివిడ్" పెట్టుకుంటే ఆ అంకె రాసిన రిపోర్టు చిత్తు కాగితమే. పెట్టెలో వచ్చిన ఆ క్యాలిబ్రేషన్ (రంగుల్ని కొలిచి సరిచేయడం) రిపోర్టు ఏ మోడ్‌కి సంబంధించిందో చదివి, మానిటర్‌ని ఆ మోడ్‌లో పెట్టండి. ఈ రకంలో ఆసుస్ ప్రోఆర్ట్, డెల్ అల్ట్రాషార్ప్, బెన్‌క్యూ పీడీ, వ్యూసోనిక్ కలర్‌ప్రో వరసల్లో కింది మెట్టు మోడళ్లు చూడొచ్చు. ఒకే వరసలో బాగున్నవీ అంతంతమాత్రంగా ఉన్నవీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పేరు చూసి కాదు, మోడల్ నంబరు మీద ఎవరైనా పరికరంతో కొలిచి రాసిన సమీక్ష చూసి తీసుకోండి.

మరి వైడ్ గ్యామట్ సంగతేంటి అంటారా? ఇక్కడ మీ స్నేహితురాలి మాటలో సగం నిజం ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఎస్‌ఆర్‌జీబీ 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించింది, అప్పటి గాజు గొట్టం (సీఆర్‌టీ) మానిటర్లని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ఇవ్వగలిగిన కొన్ని సయాన్‌లు, కొన్ని నీలిఆకుపచ్చలు దానికి అందవు. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీని తయారుచేసిందే ప్రింట్‌లో వచ్చే రంగుల్లో చాలా భాగాన్ని లోపలికి తెచ్చుకోవడానికి. కాబట్టి స్వచ్ఛమైన సయాన్ నిండుగా ఉండే ప్యాకేజింగ్, ప్రకృతి ఫొటోల పుస్తకాలు రోజూ చేసేవాళ్లకి అడోబీ ఆర్‌జీబీ 99 శాతం చూపించే మానిటర్ నిజంగా అక్కరకొస్తుంది. కానీ మార్కెట్లో వైడ్ గ్యామట్ పేరుతో తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా పీ3 మానిటర్లు. పీ3 సినిమా ప్రొజెక్షన్ నుంచి వచ్చింది, ఎరుపు, నారింజ వైపు బాగా వెడల్పు, మీకు కావాల్సిన సయాన్-ఆకుపచ్చ వైపు అడోబీ ఆర్‌జీబీ కంటే తక్కువ. వీడియో చేసే ఆవిడకి అది సరిగ్గా సరిపోతుంది, అందుకే అంత గట్టిగా చెబుతోంది. మీ ముదురు నీలాలకీ, గోధుమలకీ, పూత లేని కాగితం మీద వేసే పుస్తకాల పనికీ ఎస్‌ఆర్‌జీబీకి పెద్దగా ఏమీ తక్కువ కాదు. పూత లేని కాగితం సిరాని పీల్చేసుకుంటుంది, రంగుల పరిధి ఇంకా కుంచించుకుపోతుంది.

పైగా వైడ్ గ్యామట్‌కి ఒక చిక్కుంది. కలర్ మేనేజ్‌మెంట్ (తెరకి తగ్గట్టు రంగుల్ని సర్దడం) లేని ప్రోగ్రాముల్లో, సరైన ప్రొఫైల్ (ఆ తెర రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ఫైలు) లేని కంప్యూటర్‌లో, అది మామూలు రంగుల్ని కూడా అరుస్తున్నట్టు చూపిస్తుంది. చర్మం ఎర్రబడుతుంది, మీరు దాన్ని తగ్గిస్తారు, ప్రింట్‌లో మొహాలు పాలిపోతాయి. కొలవకుండా వాడే వైడ్ గ్యామట్ మానిటర్ కంటే కొలిచి వాడే ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ నూటికి నూరుపాళ్లు మేలు.

కొలవడం అన్నాను కదా, మీ ఉత్తరంలో ఎవరూ ఎత్తని విషయం అదే. మీ డబ్బులో దాదాపు నాలుగో వంతు పక్కన పెట్టమని అడుగుతున్నాను. కలరీమీటర్ అని అరచేతిలో పట్టే చిన్న పరికరం, స్క్రీన్‌కి ఆనించి వేలాడదీస్తే సాఫ్ట్‌వేర్ వరసగా చూపించే రంగుల్ని కొలిచి, ఆ మానిటర్ ఎంత తప్పుతోందో లెక్కగట్టి ప్రొఫైల్ తయారుచేస్తుంది. డేటాకలర్ స్పైడర్, క్యాలిబ్రైట్ వాళ్ల పరికరాలు మామూలుగా దొరికేవి. వాటితో వచ్చే సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే డిస్‌ప్లేక్యాల్ అని ఉచితంగా దొరికేది ఉంది, ఓపిక ఉన్నవాళ్లకి అదే బాగుంటుంది. మానిటర్ వేసి అరగంట ఆగాక మొదలుపెట్టండి. లక్ష్యాలు: వైట్ పాయింట్ (తెలుపు ఛాయ) డీ65, అంటే సుమారు 6500 కెల్విన్, గామా (మధ్య ఛాయలు ఎంత వెలుగుతాయన్న లెక్క) 2.2, బ్రైట్‌నెస్ 100 నిట్స్. 5000 కెల్విన్ దీపం కింద కాగితంతో పోల్చి చూసినప్పుడు స్క్రీన్ తెలుపు మరీ నీలంగా అనిపిస్తే వైట్ పాయింట్‌ని కొద్దికొద్దిగా కిందికి, డీ50 వైపు తెచ్చుకోండి. రెండు నెలలకోసారి మళ్లీ కొలిస్తే చాలు. రోజూ వాడే వస్తువు కాదు కాబట్టి ఇంకో ఇద్దరు డిజైనర్లతో కలిసి కొనుక్కోవచ్చు, అద్దెకి దొరికితే అదీ సరే. వాడేసినది కొనేటప్పుడు మాత్రం చాలా పాత మోడళ్లు వద్దు, వాటి లోపలి ఫిల్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ మసకబారతాయి, తప్పుగా కొలిచే పరికరం ఏమీ లేకపోవడం కంటే ప్రమాదం.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను, ఎంచుకోవడం మీ ఇష్టం.

ఒకటి, ఇప్పుడేమీ కొనకుండా అంకెలు, బ్రైట్‌నెస్, దీపం సరిచేసుకుని, ప్రతి ముఖ్యమైన పనికీ ప్రెస్ నుంచి ప్రూఫ్ (అసలు ప్రింట్‌కి ముందు తీసే నమూనా) తీయించుకోవడం. జేబుకి తేలిక. నష్టం ఏమిటంటే ఫొటోలున్న పనుల్లో చర్మం, ఆకులు ఎలా వస్తాయో ఊహించుకుంటూనే ఉండాలి, ప్రూఫ్ ఖర్చు ప్రతిసారీ పడుతుంది, టైమూ పోతుంది. నెలకి ఒకటో రెండో ప్రింట్ పనులు ఉన్నప్పుడు ఇది చాలు.

రెండోది, నేను పైన చెప్పిన ఎస్‌ఆర్‌జీబీ ఐపీఎస్ మానిటర్, దాంతోపాటు కలరీమీటర్. మీ ఉత్తరం చదివాక నా మొగ్గు దీనివైపే. అప్పు అక్కర్లేకుండా మీరు రాసిన మొత్తంలోనే సర్దుకోవచ్చనిపిస్తోంది, 27 కాకుండా 24 అంగుళాలకి ఒప్పుకుంటే. దీని పరిమితి కూడా తెలుసుకోండి: కొన్ని గట్టి సయాన్‌లు కాగితం మీద మీ స్క్రీన్ కంటే బాగా వస్తాయి. వచ్చినప్పుడు ఆశ్చర్యపోవద్దు, తప్పుపట్టొద్దు. ఇంకోటి, ఈ తరగతి మానిటర్లలో సవరణ గ్రాఫిక్స్ కార్డు దగ్గర జరుగుతుంది, దానివల్ల మెత్తని గ్రేడియంట్లలో అక్కడక్కడా చారలు కనబడొచ్చు. 

మూడోది, అడోబీ ఆర్‌జీబీ చూపించి, సవరణని మానిటర్ లోపలే దాచుకునే హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్ ఉన్నవి. ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వరసలు ఈ కోవలోవి. కలర్‌ఎడ్జ్‌లో సీజీ మోడళ్లకైతే కొలిచే సెన్సర్ కూడా లోపలే ఉంటుంది. స్క్రీన్ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే వెలుగు ఉండేలా చూసుకుంటాయి, ఏళ్ల తరబడి నమ్మొచ్చు. కానీ వీటికోసం అప్పు చేయాలంటే ఆ అప్పుని తీర్చే పని చేతిలో ఉండాలి. ఖరీదైన ఫొటో పుస్తకాలో, రంగు విషయంలో మడికట్టుకు కూర్చునే బ్రాండో మీకు రెగ్యులర్‌గా పని ఇస్తోందా? ఇస్తుంటే ఆలోచించండి. "మంచి మానిటర్ ఉంటే అలాంటి పనులొస్తాయి" అనే లెక్క మీద మాత్రం వద్దు. క్లయింట్ మీ మానిటర్ని చూడడు.

నాలుగోది, పైతరగతి మానిటర్‌ని వాడినది కొనడం. ఇది బాగా కుదిరితే రెండో దారి డబ్బుతో మూడో దారి వస్తువు వస్తుంది. కుదరకపోతే డబ్బు గోవిందా. ఎన్ని గంటలు నడిచిందో చాలా మోడళ్లలో మెనూలోనే కనిపిస్తుంది, అడిగి చూడండి. బ్యాక్‌లైట్ వయసు మళ్లితే పసుపు తిరుగుతుంది, ఒక పక్క మసకబారుతుంది. మొత్తం బూడిదరంగు తెర పెట్టి దూరం నుంచి చూస్తే ఇది తేలిగ్గా బయటపడుతుంది. స్వయంగా చూడకుండా కొనొద్దు.

ఏ దారి ఎంచుకున్నా, ప్రెస్ ఆయన్ని అంత తేలిగ్గా వదలకండి. గొడవ పెట్టుకోమనట్లేదు, నాలుగు ప్రశ్నలు అడగమంటున్నాను. మీరు ఏ ఐసీసీ ప్రొఫైల్‌కి (ఆ రకం ప్రింటింగ్, కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ప్రింట్ చేస్తారు, ఫోగ్రా 39కా, 51కా, గ్రాకోల్‌కా? మొత్తం ఇంకు ఎంత శాతం దాటకూడదు? ప్రూఫ్ ఇస్తారా, ఆ ప్రూఫ్‌కి తగ్గట్టు మెషీన్ మీద సరిచేస్తారా? ఈ కాగితం మీద ఇదివరకు వేసిన నమూనా ఏదైనా ఉందా? వీటికి జవాబు చెప్పగలిగిన ప్రెస్‌తో పని చేస్తే సగం తలనొప్పి పోతుంది. "అవన్నీ మాకు తెలియదమ్మా, మీరు ఫైలు పంపండి చాలు" అంటే, మీ మానిటర్ ఎంత నిజం చెప్పినా ఆ నిజం వాళ్ల గేటు దగ్గరే ఆగిపోతుంది. ప్రొఫైల్ చేతికొచ్చాక ఫొటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో దాన్ని ఎంచుకుని, కంట్రోల్ వై నొక్కితే ప్రింట్‌లో రంగు ఎలా దిగుతుందో అక్కడే కనిపిస్తుంది. "సిమ్యులేట్ పేపర్ కలర్" టిక్ చేస్తే ఇంకా నీరసంగా కనిపిస్తుంది. భయపడకండి, నిజం అదే. ఆ సబ్బు పెట్టెకి ఈ పని మొదటి రోజే చేసి ఉంటే నీలం సంగతి అప్పుడే తెలిసేది, క్యాలిబ్రేట్ చేయని స్క్రీన్ మీద కూడా కొంతవరకు.

ఫోన్ సంగతి. మీవారి మాటనీ, క్లయింట్ "అదిరింది"నీ కలిపి చెబుతున్నాను, రెండూ ఒకటే కాబట్టి. ఫోన్లలో చాలావాటికి ఓఎల్‌ఈడీ తెర, దానికి తోడు రంగుల్ని పెంచి చూపించే మోడ్ ఆన్‌లో ఉంటుంది, బ్రైట్‌నెస్ ఎండలో కూడా కనిపించేంత. అందులో ఏ నీలమైనా బాగుంటుంది. క్లయింట్ ఫోన్‌లో చూసి ఒప్పుకున్నాడంటే ఏ ప్రెస్సూ ఇవ్వలేని రంగుకి ఒప్పుకున్నాడన్నమాట, ఆ తర్వాత మీరు ప్రపంచంలోకెల్లా ఖరీదైన మానిటర్ ముందు కూర్చున్నా గొడవ తప్పదు. ఇకమీదట ఫోన్‌లో ఒప్పించేది డిజైన్, అక్షరాలు, స్పెల్లింగులు మాత్రమే అని మెసేజ్‌లోనే రాయండి. రంగుకి ఒప్పుకోలు ప్రింటైన ప్రూఫ్ మీద సంతకంతో. ప్రూఫ్ ఖర్చు మీ కొటేషన్లో విడిగా చూపించండి, వద్దంటే "రంగు తేడా వస్తే నా బాధ్యత లేదు" అన్న ఒక్క వాక్యానికి ఒప్పుకోమనండి. కొందరు మొహం చిట్లిస్తారు, నిజమే, ఒకరిద్దరు వేరేవాళ్ల దగ్గరికి పోవచ్చు కూడా. రీప్రింట్‌లో సగం కట్టడం కంటే అది చవక. ఆ నీలం వాళ్ల బ్రాండ్‌కి ప్రాణం అయితే పాంటోన్ స్పాట్ రంగు (ముందే కలిపి ఉంచిన ప్రత్యేక సిరా) వాడమని సూచించండి, ఒక ప్లేటు, ఒక సిరా అదనంగా పడతాయి కానీ ఊదా భయం ఉండదు. రంగుని మాత్రం స్క్రీన్ మీద చూసి కాకుండా అచ్చు వేసిన పాంటోన్ రంగుల గైడులోంచి ఎంచుకోవాలి, అదీ వెలిసిపోయిన పాత గైడు కాకూడదు.

కొత్త మానిటర్ వచ్చాక వాపసు గడువు ఎన్ని రోజులో ముందు చూసుకోండి, పరీక్షలన్నీ ఆ లోపు అయిపోవాలి. గది చీకటి చేసి నల్లటి తెర పెట్టండి, మూలల్లో కొద్దిగా వెలుతురు కనిపించడం ఐపీఎస్‌కి మామూలే, కానీ ఒక అంచు నుంచి టార్చి వేసినట్టు ఉంటే వెనక్కివ్వండి. బూడిదరంగు తెర మీద ఒక పక్క గులాబీ, ఇంకో పక్క ఆకుపచ్చ ఛాయ ఉందేమో చూడండి, ఇది మచ్చ పిక్సెల్ కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే దీన్ని కలరీమీటర్ సరిచేయలేదు, అది మధ్యలో మాత్రమే కొలుస్తుంది. హెచ్‌డీఎమ్‌ఐతో తగిలిస్తే నలుపు బూడిదలా, అంతా పొగ పట్టినట్టు కనిపిస్తే ప్యానెల్ పాడైందని కంగారుపడకండి, గ్రాఫిక్స్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ రేంజ్ "లిమిటెడ్"లో ఉందేమో చూసి "ఫుల్"కి మార్చండి, లేదా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి. ఇవన్నీ అయ్యాకే కలరీమీటర్ తగిలించండి. పాత మానిటర్ని పారేయొద్దు, టూల్‌బార్లు, మెయిళ్లు దాంట్లో పెట్టుకోండి, రంగు మాత్రం ఒక్క స్క్రీన్ మీదే చూడండి.